రంగు కన్నా ముందు ఉప్పు: వరంగల్ కొత్తవాడ అద్దకం షెడ్డులో నీళ్ల డైరీ

సంక్రాంతి దాటాక

10 కిలోల నూలుకు ముదురు రంగు వేయడానికి మా షెడ్డులో 12 కిలోల ఉప్పు పోస్తున్నాం. కొత్తగా కనిపెట్టిందేం కాదు, మామ నోట్‌బుక్కులో ఏళ్ల నుంచి ఉన్న లెక్కే. కిలో నూలుకు 20 లీటర్ల నీళ్లు, అంటే తొట్టిలో 200 లీటర్లు. లీటరుకు 60 గ్రాముల ఉప్పు, 20 గ్రాముల సోడా (వాషింగ్ సోడా). గుణించి చూస్తే 12 కిలోల ఉప్పు, 4 కిలోల సోడా. నూలు బరువు కన్నా ఉప్పు బరువే ఎక్కువ. అందులో ఏదీ ఆ నూలుతో నేసే దర్రీలో (జంపఖానాలో) మిగలదు, మొత్తం మోరీలోకే పోతుంది.

ఉప్పు లేకుండా కుదరదు. నీళ్లలో తడిసిన పత్తి దారానికీ, మేం వాడే రియాక్టివ్ రంగుకూ (దారంతో రసాయన బంధం కట్టే రకం) ఒకే రకం విద్యుదావేశం ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఉప్పు ఆ నెట్టుడును తగ్గించి రంగును దారం దగ్గరికి చేరుస్తుంది. తర్వాత వేసే సోడా రంగును దారానికి గట్టిగా పట్టిస్తుంది. అప్పటికీ పట్టేది రంగును బట్టి 60 నుంచి 80 శాతమే. మిగతాది నీళ్లతోనే చర్య జరిపి, ఇక ఏ దారానికీ పట్టని రంగుగా మిగిలిపోతుంది. మోరీలో కనిపించేది అదే.

వరంగల్ దర్రీలకు 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. ఆ దర్రీలకు నూలు అద్దే చిన్న షెడ్లలో మాది ఒకటి. గీసుకొండ, సంగెం మండలాల మధ్య కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017లో శంకుస్థాపన అయ్యింది. అలాంటి పార్కుల్లో ఫ్యాక్టరీలన్నీ కలిసి ఒక శుద్ధి ప్లాంటు కట్టుకోవచ్చు. గల్లీలో ఉన్న షెడ్డుకు ఆ వసతి లేదు. మా దగ్గరున్నవి రెండు తొట్లు, ఒక బోరు, కొంచెం ఖాళీ జాగా. నేను కాకతీయ యూనివర్సిటీలో కెమిస్ట్రీ చదివాను, మామకు చేతిలో పని ఉంది. వీటితోనే ఎన్ని నీళ్లు మళ్లీ వాడుకోగలమో చూడాలన్నదే ఈ ప్రాజెక్టు.

పక్కింటి అత్తమ్మ ఎప్పుడూ అడిగేది రంగు గురించే. "ఇయ్యాల ఎర్రగ పోతున్నయేంది నీళ్లు?" అంటుంది. ఆమె అడగడంలో న్యాయం ఉంది. కానీ నన్ను ఎక్కువ భయపెట్టేది ఆమెకు కనిపించని ఉప్పు. ఉప్పునీళ్లు పారితే సోడియం చేరి నేల గట్టిపడుతుంది, నీళ్లు లోపలికి ఇంకవు. రేగడి నేలల్లో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. తమిళనాడులోని తిరుప్పూరులో జరిగింది ఇదే. నొయ్యల్ నది మీద ఒరత్తుపాళయం డ్యామ్‌లో చేరిన అద్దకం నీళ్లు సేద్యానికి పనికిరాకుండా పోయాయి. రైతులు కోర్టుకెళ్లారు. చివరికి 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి అద్దకం యూనిట్లను మూసేయమంది. అంత పెద్ద ఊరికే తప్పలేదు.

ఫిబ్రవరి మొదట్లో

మొదటి పని కొలవడం. ఒక్క బ్యాచ్‌కు తొట్టి ఏడుసార్లు నిండుతుంది: రంగు నీళ్లు, రెండు చల్లనీళ్ల జాడింపులు, యాసిడ్ నీళ్లు, సబ్బు ఉడుకు, వేడినీళ్లు, ఆఖరి చల్లనీళ్లు. మొత్తం 1,400 లీటర్లు. ఇప్పటిదాకా అన్నీ ఒకే కాలువలో కలిసిపోతున్నాయి. 16 కిలోల ఉప్పూ సోడా 1,400 లీటర్లలో కలిస్తే లీటరుకు 11 గ్రాములు దాటుతుంది. టెక్స్‌టైల్ పరిశ్రమకు 2016లో సవరించిన నిబంధనల ప్రకారం బయటికి వదిలే నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకు 2,100 మిల్లీగ్రాములు దాటకూడదు. మావి దానికి ఐదు రెట్లకు పైనే.

ఇప్పుడు అవే నీళ్లను విడివిడిగా చూద్దాం. రంగు అయ్యాక తొట్టిలోంచి తీసిన నూలు తన బరువుకు దాదాపు రెండింతల నీళ్లను పట్టుకొస్తుంది. 10 కిలోల నూలుతో 20 లీటర్లు. మిగిలిన 180 లీటర్లలో 14.4 కిలోల లవణం ఉండిపోతుంది. అంటే 90 శాతం. మొదటి జాడింపులో ఇంకో కిలోన్నర దాకా వదులుతుంది. ఈ రెండు నీళ్లను పక్కన పెడితే 99 శాతం ఉప్పు పక్కకు వచ్చేసినట్టే. మిగతా ఐదు తొట్ల నీళ్లలో అద్దకం ఉప్పు దాదాపు లేనట్టే.

కాగితం మీద ఈ లెక్క వేసినప్పుడు నిజంగా సంతోషమేసింది. వెయ్యి లీటర్ల నీళ్లను మనమే అనవసరంగా ఉప్పునీళ్లు చేసుకుంటున్నాం. కలిపిన తర్వాత ఏ మందూ, ఏ ఇసుకా, ఏ బొగ్గూ ఆ ఉప్పును తీయలేదు. కలపకపోవడానికి ఒక కాలువ, ఒక అడ్డుపలక చాలు.

మీటరుతో సరిచూడాలి కదా. కరిగిన లవణాలను చూపే పెన్నులాంటి చౌక టీడీఎస్ మీటరు లీటరుకు 9,990 మిల్లీగ్రాముల దగ్గర ఆగిపోతుంది. రంగు నీళ్లలో ముంచితే ఏమీ చెప్పదు. ఒక వంతు రంగు నీళ్లకు 19 వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపి, వచ్చిన అంకెను 20తో గుణిస్తున్నాను. రంగు తొట్టికి హైడ్రోమీటరు ఇంకా నయం. ఈ ఉప్పూ సోడా లెక్కకు సాంద్రత 1.06 దగ్గర చూపించాలి. నీళ్లు చల్లారాకే చూడాలి, వేడి మీద అంకె తక్కువ వస్తుంది. మీటరు అంకెలు లెక్కతో అచ్చంగా కలవలేదు. కలవవు కూడా, అది విద్యుత్ వాహకతను కొలిచి లవణాన్ని అంచనా కట్టే పరికరం. కానీ వరస మాత్రం లెక్క చెప్పినట్టే ఉంది. మూడో తొట్టి నుంచి మా బోరు నీళ్ల అంకెకు దగ్గర దగ్గరగా వచ్చేస్తోంది.

నూలు పట్టుకొచ్చే నీళ్లు తగ్గితే ఇంకా మంచిది. చిలపలను (నూలు చుట్టలను) తొట్టి మీదే కర్రలకు వేలాడదీసి కారనిస్తే, తర్వాత గట్టిగా పిండితే, పట్టుకొచ్చేది సగమవుతుంది. అప్పుడు మొదటి జాడింపులో ఉప్పు కూడా సగమే. అయితే పని చేసే అక్కలకు కూలీ కిలో లెక్కన. "కారేదాంక నిలబడితే మా దినం ఎట్ల గడుస్తది బిడ్డా?" అని అడిగారు. అది సూటి ప్రశ్న, దానికి జవాబు లేకుండా ముందుకు పోకూడదు. తొట్టి మీద ఇంకో వరస గొట్టాలు బిగించాం. ఒక బ్యాచ్ కారుతుండగా ఇంకో తొట్టిలో నూలు తడుపుతారు. ఎవరూ ఖాళీగా నిలబడక్కర్లేదు.

ఫిబ్రవరి చివర

మేస్త్రీ వచ్చి కాలువను మూడు దారులు చేశాడు. ఒకటి ఉప్పునీళ్ల ట్యాంకుకు, ఒకటి సబ్బునీళ్ల ట్యాంకుకు, ఒకటి ఆఖరి జాడింపు నీళ్ల ట్యాంకుకు. గోడ మీద మూడు రంగుల పెయింటు పూశాం, ఏ పలక ఎప్పుడు ఎత్తాలో చూడగానే తెలియాలి. సబ్బు ఉడుకు నీళ్లు దాదాపు మరుగుతూ వస్తాయి. మామూలు పీవీసీ పైపు ఆ వేడికి మెత్తబడి వంగిపోతుంది. అందుకే అక్కడిదాకా సిమెంటు కాలువే ఉంచి, చల్లారిన తర్వాత పైపు పెట్టాం.

ఆఖరి జాడింపు నీళ్లకు ఏ శుద్ధీ చేయడం లేదు. నేరుగా తర్వాతి బ్యాచ్ మొదటి జాడింపుకు వాడుతున్నాం. మొదటి జాడింపు ఉప్పును వదిలించడానికే కాబట్టి నీళ్లలో కొద్దిగా రంగు ఉన్నా నష్టం లేదు. సబ్బు ఉడుకుకు మాత్రం బోరు నీళ్లే. పట్టని రంగు దారం నుంచి వదలాలంటే ఆ తొట్టిలో ఉప్పు వీలైనంత తక్కువ ఉండాలి. పొద్దున పసుపు, మధ్యాహ్నం ఎరుపు, చివర్లో నలుపు అన్న వరస మామకు ముందే అలవాటు. తొట్టి కడిగే పని తగ్గుతుందని పెట్టుకున్న వరస ఇప్పుడు నీళ్లకూ పనికొచ్చింది.

ఈ మధ్యలో ఒక కంపెనీ మనిషి ఆర్ఓ ప్లాంటు కొటేషన్ ఇచ్చి వెళ్లాడు. ఆర్ఓ ఉప్పును నిజంగానే తీస్తుంది. తీసిన ఉప్పంతా మిగులు నీళ్లలో ఇంకా చిక్కగా చేరుతుంది. ఆ మిగులు నీళ్లు ఎక్కడ పోయాలి అంటే ఆయన దగ్గర సమాధానం లేదు. తిరుప్పూరులో ఆ మిగులును ఆవిరి యంత్రాల్లో మరిగించి ఉప్పుగా తీస్తారు. దానికయ్యే కరెంటు, కట్టెల ఖర్చు మా షెడ్డు మోయలేదు.

మార్చి

ఇప్పుడు సబ్బునీళ్ల ట్యాంకు. ఇందులో ఉప్పు తక్కువ, రంగూ సబ్బూ ఎక్కువ. రంగు దించడానికి జార్ టెస్టులు మొదలుపెట్టాను, అంటే ఏ మందు ఎంత వేస్తే రంగు దిగుతుందో సీసాల్లో చూడటం. ఒక్కో లీటరు నీళ్లు గాజు సీసాల్లో వరసగా పెట్టుకోవాలి. మందును ముందే 100 గ్రాములు లీటరు నీళ్లలో కరిగించి పెట్టుకుంటే లెక్క తేలిక, 10 మిల్లీలీటర్లు పోస్తే 1 గ్రాము పడ్డట్టు. నిమిషం పాటు గట్టిగా కలపాలి, తర్వాత పావుగంట మెల్లగా, తర్వాత అరగంట కదపకుండా ఉంచాలి.

పటికతో మొదలుపెట్టాను, ఎందుకంటే అందరూ మొదట చెప్పేది పటికే. వ్యాట్ అనే ఇంకో రకం రంగు నీళ్లకు బాగా పనిచేసింది. గాలి తగిలి ఆక్సీకరణ చెందిన వ్యాట్ రంగు నీళ్లలో కరగదు, సన్నటి నలుసులుగా తేలుతుంటుంది. పటిక ఆ నలుసులను ముద్ద చేసి కిందికి దించేస్తుంది. రియాక్టివ్ రంగు అలా కాదు, పూర్తిగా కరిగి ఉంటుంది. పటిక ఎంత పెంచినా పై నీళ్లు ఎర్రగానే ఉన్నాయి.

తర్వాత అన్నభేదీ (ఐరన్ సల్ఫేట్), సున్నం. ఇది చూడటానికే బాగుంటుంది. సున్నంతో క్షారం పెరిగిన నీళ్లలో అన్నభేది పడగానే ముదురు ఆకుపచ్చ తెట్టు కడుతుంది, కాసేపటికి పైన నీళ్లు తేటబడతాయి. ఇనుము ఇక్కడ రెండు పనులు చేస్తుంది. తెట్టు రంగును తనకు అంటించుకుంటుంది. అది కాక, చాలా రియాక్టివ్ రంగుల్లో రెండు నైట్రోజన్ల మధ్య అజో బంధం ఉంటుంది, రంగు కనిపించేది దానివల్లే. క్షార నీళ్లలో ఈ ఇనుము ఆ బంధాన్ని తెంచగలదు. ఎరుపు, నారింజ, నలుపు బాగా దిగాయి. టర్కాయిస్ నీలం మొండికేసింది. అది అజో రంగు కాదు, నడిమధ్యలో రాగి ఉన్న వేరే నిర్మాణం. తెంచడానికి అందులో ఆ బంధమే లేదు. టర్కాయిస్ సబ్బునీళ్లను ప్రస్తుతానికి విడిగా పట్టి బొగ్గు మీదికే పంపుతున్నాను.

తేటనీళ్లు చూసి మామ ముఖం వెలిగింది. "ఇగ మోరీల పోసినా ఎవ్వరేమంటరు?" అన్నాడు. ఇక్కడ మామతో గట్టిగానే మాట్లాడాల్సి వచ్చింది. అజో బంధం తెగితే మిగిలేవి ఆరోమాటిక్ అమైన్లు అనే రసాయనాలు. వాటికి రంగు ఉండదు. కొన్ని రంగుల నుంచి వచ్చే అమైన్లు క్యాన్సర్ తెచ్చే రకం, అలాంటి రంగులను మన దేశంలో 1990లలోనే నిషేధించారు. మనం వాడేవి ఆ జాబితాలో లేకపోయినా, కంటికి తేటగా కనిపిస్తే చాలు నీళ్లు బాగుపడ్డట్టేనని అనుకోకూడదు. అమైన్లను తినగలిగేవి గాలి బాగా అందే ట్యాంకులో పెరిగే బ్యాక్టీరియా. మామ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మరి ఆ ట్యాంకు ఎప్పుడు పెడుతున్నవ్?" అని అడిగాడు.

మళ్లీ వాడుకునే విషయంలో ఇంకో రెండు సంగతులు తెలిశాయి, రాసి పెట్టుకోవాల్సినవి. సున్నం వేస్తే నీళ్లలో కాల్షియం మిగులుతుంది. కాల్షియం ఉన్న నీళ్లతో రంగు కలిపితే మచ్చలు వస్తాయి, సబ్బు నురగ రాదు. అందుకని తేటనీళ్లలో కొద్దిగా సోడా వేసి కాల్షియాన్ని సున్నపురాయి పొడిగా దించేస్తున్నాను. రెండోది ఇనుము. పూర్తిగా దిగకపోతే పసుపు రంగు మురికిగా వస్తుంది. గంటసేపు గాలి కొడితే మిగిలిన ఇనుము తుప్పురంగు పొడిగా మారి అడుగుకు చేరుతుంది, తర్వాత ఇసుకలో ఆగిపోతుంది.

ల్యాబుకు సీఓడీ (నీళ్లలోని మురికిని రసాయనంతో కొలిచే) పరీక్షకు సీసాలు పంపేవాళ్లకు ఒక మాట: అవి ఉప్పునీళ్లని ముందే చెప్పండి. ఆ పరీక్షలో వాడే డైక్రోమేట్ క్లోరైడుతో కూడా చర్య జరుపుతుంది. దాన్ని అడ్డుకునే మందు సరిపడా వేయకపోతే అంకె తప్పుగా ఎక్కువ వస్తుంది.

ఉగాది తర్వాత

ఇసుక డ్రమ్ము, బొగ్గు డ్రమ్ము బిగించాం. అడుగున కంకర, పైన ముతక ఇసుక, ఆ పైన సన్న ఇసుక. బొగ్గు అంటే కొబ్బరి చిప్పతో చేసిన యాక్టివేటెడ్ కార్బన్. పొయ్యి బొగ్గుతో కూడా చూశాను, దాదాపు ఏమీ పట్టదు. కార్బన్ ఖరీదైనది కాబట్టి అన్నిటికన్నా చివర్లో పెట్టాలి, అది కూడా నీళ్లు తేటగా అయిన తర్వాతే.

గాలి ట్యాంకు కూడా మొదలైంది. మురుగు శుద్ధి ప్లాంటు నుంచి తెచ్చిన బురద వేసి, చిన్న బ్లోయరు పెట్టాం. అద్దకం నీళ్లలో బ్యాక్టీరియాకు తిండి ఉంటుంది కానీ నైట్రోజన్, ఫాస్ఫరస్ చాలవు. బీఓడీ (బ్యాక్టీరియా తినగలిగే మురికి కొలత) 100 వంతులుంటే నైట్రోజన్ 5, ఫాస్ఫరస్ 1 ఉండాలన్నది అందరూ పాటించే లెక్క. అందుకే కొద్దిగా యూరియా, డీఏపీ కలుపుతున్నాం. కరెంటు ఎక్కువసేపు పోతే బురద చచ్చి వాసన వస్తుంది, ఆ టెన్షన్ రోజూ ఉంది.

రోహిణి కార్తె

ఎండలు దంచుతున్నాయి, ఉప్పునీళ్ల సంగతి తేల్చడానికి ఇదే సమయం. మిద్దె మీద మందపాటి షీటు పరిచి ఆరబెడదాం అన్నది మొదటి ఆలోచన. రోజుకు 5 మిల్లీమీటర్లు ఆవిరైతే చదరపు మీటరుకు 5 లీటర్లు పోయినట్టు. 180 లీటర్లకు 36 చదరపు మీటర్లు కావాలి, అదీ రోజుకు ఒక్క ముదురు బ్యాచ్ వేస్తేనే. మొదటి జాడింపు కూడా కలిపితే రెండింతలు దాటుతుంది. వానాకాలంలో అసలు కుదరదు. మిద్దె మీద జాగా ఉన్నంతలో పరిచాం కానీ, దాని మీదే ఆధారపడలేం.

నలుపు నీళ్లను మళ్లీ నలుపుకే వాడితే? 180 లీటర్లలో దాదాపు 11 కిలోల ఉప్పు అలాగే ఉంది. ఇబ్బంది సోడాతో. రంగు దారమంతా సమంగా సర్దుకోకముందే సోడా తగిలితే ఎక్కడికక్కడ పట్టేసి మచ్చలు పడతాయి. అందుకని బాగా పలచన చేసిన హైడ్రోక్లోరిక్ యాసిడ్‌ను కొద్దికొద్దిగా పోస్తూ పీహెచ్‌ను 8 దగ్గరికి తెచ్చాం. కార్బన్ డయాక్సైడ్ బుసబుసా పొంగుతుంది, తొట్టి సగమే నింపి చేయాలి, కళ్లద్దాలు తప్పనిసరి. యాసిడ్‌తో సోడా చర్య జరిపితే వచ్చేది మళ్లీ ఉప్పే, అదీ మనకు లాభమే. తగ్గిన 20 లీటర్లు బోరు నీళ్లతో నింపి, తగ్గిన ఉప్పు ఏదైనా ఉంటే కలిపితే లెక్క సరిపోయింది.

నలుపు బాగానే వచ్చింది. మామ చిలపలను ఎండలోకి తీసుకెళ్లి తిప్పి తిప్పి చూశాడు. పాత నలుపు కన్నా రవ్వంత ఎరుపు ఛాయ ఉందన్నాడు, అంచుల నూలుకు ఏ ఇబ్బందీ లేదన్నాడు. తడి తెల్లగుడ్డతో రుద్దితే రంగు అంటింది, కాబట్టి సబ్బు ఉడుకు ఇంకోసారి పెట్టాలి. పాత నీళ్లలోని పట్టని రంగు కూడా దారం మీద కూర్చుంటుంది, దాన్ని వదిలించాల్సిందే. మెరూన్‌కు ఈ పద్ధతి కుదిరింది. పసుపు, గులాబీ లాంటి లేత రంగులకు కుదరదు, ప్రయత్నించడం కూడా వద్దు.

అన్నిటికన్నా పెద్ద లాభం మాత్రం అనుకోని చోట దొరికింది. ఉప్పు వేసేది లీటరు లెక్కన. నూలు లెక్కన కాదు. నీళ్లు తగ్గితే ఉప్పు దానంతటదే తగ్గుతుంది. మా తొట్టి అవసరానికి మించి వెడల్పుగా ఉంది, చిలపల పక్కన ఊరికే నీళ్లు నిలబడుతున్నాయి. పాత స్టీలు తొట్టిని వెల్డింగ్ చేయించి ఇరుకు చేశాం. ఇప్పుడు కిలో నూలుకు 12 లీటర్లు సరిపోతున్నాయి. 10 కిలోలకు 120 లీటర్లు, ఉప్పు 7.2 కిలోలు. ఏ మందూ లేకుండా, ఏ యంత్రమూ లేకుండా 40 శాతం ఉప్పు ఆగిపోయింది. చిలపలను ఇదివరకటి కన్నా తొందర తొందరగా తిప్పాలి, లేకపోతే రంగు సమంగా ఎక్కదు. అక్కలు రెండు బ్యాచ్‌ల్లోనే చేయి సర్దుకున్నారు. సోడా కూడా తగ్గింది, నీళ్లు కాచే కట్టెలు కూడా తగ్గాయి. ఇంకో షెడ్డు వాళ్లు నన్ను ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే, మందుల కన్నా ముందు తొట్టి వెడల్పు కొలవమనే చెబుతాను.

మృగశిర, వానలు పడ్డాక

మిద్దె మీది షీటు మీద పందిరి వేసి కప్పేశాం. అప్పటిదాకా ఆరిన ఉప్పు బూడిదరంగులో ఉంది, రంగూ సోడా కలిసి ఉంది, దేనికీ వాడలేం. జార్ టెస్టుల తెట్టూ, ట్యాంకు అడుగు బురదా ఇసుక పరుపు మీద ఆరబెట్టి సంచుల్లో కట్టాం. ఎరువుగా పొలానికి వేద్దామని ఒకాయన అడిగాడు, ఇవ్వలేదు. ఇందులో ఇనుము, రంగు ముక్కలు, టర్కాయిస్ ఉంటే రాగి కూడా ఉంటాయి. రసాయన శుద్ధిలో మిగిలిన బురదను 2016 నాటి హానికర వ్యర్థాల నిబంధనలు ప్రమాదకర వ్యర్థంగానే చూస్తాయి, అది హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లోని ప్రత్యేక కేంద్రానికి చేరాలి. నాలుగు సంచుల కోసం లారీ మాట్లాడలేం. అందుకే పక్క షెడ్ల వాళ్లతో కూర్చున్నాం, అందరి సంచులూ కలిపి పంపుకుంటే ఖర్చు పంచుకోవచ్చని.

నీళ్ల శుద్ధికి వట్టివేరు, మెట్టతామర మడులు వేయమని కొందరు చెబుతున్నారు. సబ్బునీళ్లకు, గాలి ట్యాంకు తర్వాత, అవి ఉపయోగపడతాయి, జాగా చూస్తున్నాను. ఉప్పునీళ్లకు మాత్రం వద్దు. మొక్కలు అంత ఉప్పును తీసుకోలేవు, నీళ్లను పీల్చి మిగిలినవాటిని ఇంకా ఉప్పగా చేస్తాయి.

ఇప్పటి పరిస్థితి ఇది. ఆఖరి జాడింపు నీళ్లు పూర్తిగా తిరిగి వాడుతున్నాం. సబ్బునీళ్లు శుద్ధి చేసి మొదటి జాడింపుకు, నేల కడగడానికి వాడుతున్నాం, అద్దకానికి ఇంకా ధైర్యం చేయలేదు. నలుపు, మెరూన్ ఉప్పునీళ్లు తిరుగుతున్నాయి. మొదటి జాడింపు నీళ్లకు దారి దొరకలేదు. నలుపు తొట్టిలో తగ్గిన నీళ్లను బోరు నీళ్లకు బదులు వీటితో నింపితే కొంత సర్దుతుంది, మిగతావి ఇంకా ట్యాంకులోనే ఉన్నాయి. లేత రంగుల ఉప్పునీళ్లు కూడా అంతే. వాటికి ఉప్పు తక్కువ పడుతుంది కాబట్టి కొంత నయం.

పక్క షెడ్డు పెద్దనాయిన తన కాలువ కూడా విడదీయమన్నాడు. మేస్త్రీ వచ్చే వారం వస్తానన్నాడు. తవ్వకం మొదలుపెట్టేలోపు వాళ్ల తొట్టి కొలతలు తీసుకోవాలి. చిలప పొడవుకు ఎంత లోతు కావాలో చూసుకుని, వెడల్పు ఎంత తగ్గించొచ్చో లెక్క కట్టాలి.